తువ్వాలు కింద చెయ్యి

ఈమధ్య మా వీధిలో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగి నన్ను దారిలో నిలబెట్టి, "పెద్దాయనా, షేర్లు పడిపోతున్నాయి, ఉన్నవన్నీ అమ్మేయమంటారా?" అని అడిగాడు. నేను వ్యాపారంలో ముసలివాడినయ్యాను కాబట్టి నా దగ్గర ఏదో మంత్రం ఉంటుందని అతని నమ్మకం. షేర్ల గురించి నాకు తెలిసింది సున్న. అయినా అతని ముఖం చూడగానే నా కుడి అరచేతిలో చెమట పట్టింది. ఆ చెమట నాకు పాత పరిచయం. జవాబు చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. నేను చెప్పవలసింది వీధిలో నిలబడి చెప్పే మాట కాదు. అందుకే అతనిలాంటి చిన్నవాళ్ళ కోసం కూర్చుని రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి. ఆదోని మార్కెట్టంతా అప్పుడే నవ్వేసింది, ఇప్పుడు మీరు నవ్వితే నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

పందొమ్మిది వందల యాభైల మొదట్లో నేను ఆదోనిలో ఒక మండీలో గుమాస్తాని. మండీ అంటే రైతు తెచ్చిన సరుకు దింపుకొని, కొనేవాళ్ళకు చూపించి, అమ్మిపెట్టి, మధ్యలో కమీషను తీసుకునే అంగడి. మా దగ్గర పత్తి కొంచెం, వేరుశనగ ఎక్కువ. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. లెక్కలు రాయడానికి వేరే ఆయన ఉండేవాడు. నా పని చేతి బేరం.

ఈ చేతి బేరం గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా కథ మీకు అర్థం కాదు. అప్పుడు మా మార్కెట్టులో ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి కుడిచేతుల మీదా కప్పుతారు. లోపల ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని రూపాయలు, కణుపు నొక్కితే అణాలు. పైపైన మాత్రం వానల గురించో మనవళ్ళ గురించో మాట్లాడుతుంటారు. చుట్టూ జనం మూగి చూస్తున్నా లోపలి ధర ఎవరికీ తెలియదు. బేరం కుదిరినా, కుదరకపోయినా, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని ఒకే రకంగా లేవాలి. ముఖం చూసి ఎవరూ ఏమీ పసిగట్టకూడదు. ఆ పనికి కావలసిన నేర్పంతా అదే. ఆ నేర్పులో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది.

నాకు తువ్వాలు పట్టడం నేర్పింది ఒక సాయిబు. ఒక నూనె మిల్లు తరఫున కొనేవాడు, అంటే మాకు ఎదుటి పక్షం మనిషి. తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. ఎదుటివాడికి విద్య నేర్పడమేమిటని నేనే ఒకసారి అడిగాను.

"పని రానోనితో బేరమాడితే నాకేం మజా ఉంటాదప్పా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి తిప్పి చూసి, "వేళ్ళు అబద్ధం చెప్తాయి, చెప్పనీ. ఈ అరచెయ్యి ఉండాదే, దానికి అబద్ధం రాదు. దాన్ని పొడిగా పెట్టుకో" అన్నాడు.

ఆ రోజుల్లో ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం జరుగుతోందనీ, నూనెకు గిరాకీ పెరిగిందనీ చెప్పుకునేవాళ్ళు. ధర వారం వారం ఎక్కేది. ఎక్కేదాన్ని చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోవడం మనిషికి చేతకాదు. మార్కెట్టు గేటు పక్కన టీ హోటలాయన బుడ్డలు కొని దాచాడు. బడిపంతులు కొన్నాడు. మంగలి సగం గడ్డం గీసి కత్తి పైకెత్తి, "ఈపొద్దెంతప్పా?" అని అడిగేవాడు. చెప్పేదాకా రెండో చెంప ముట్టుకునేవాడు కాదు. నేనూ ఆగలేదు. మా ఆవిడ కాళ్ళ వెండి కడియాలు అమ్మించి, నేను మిగిల్చుకున్నది కలిపి కొన్ని బస్తాలు కొన్నాను. గుమాస్తా సొంత సరుకు పెట్టుకోకూడదని మండీ కట్టుబాటు కాబట్టి, అవి బావమరిదివని చెప్పి మండీలోనే పెట్టాను. ధర ఎక్కిన ప్రతి ఉదయం నేనెంత తెలివైనవాణ్ణో నాకు మళ్ళీ రుజువయ్యేది. ఆ తెలివంతా ధరదేనని అప్పుడు తోచలేదు.

ఆ ఏడే ఒక అక్క తన పంటంతా మా మండీలో దింపింది. పడమటి పల్లెల్లోని మనిషి. భర్త పోయాక సేద్యం తనే చూసుకునేది, బండి తనే తోలుకొని వచ్చేది. ఉన్నదంతా మెట్ట చేను. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వైపు చూడటమే. అందుకని బావి మొదలుపెట్టింది. సగం లోతు దాకా మన్ను సుళువుగానే వచ్చింది, తర్వాత బండ తగిలింది. దాన్ని మందు పెట్టి పేల్చేవాళ్ళు ఉగాది దాటాక వస్తామన్నారు. ఆమె బావి ఆశంతా మా గోడ వార పేర్చిన ఆ బస్తాల మీదే ఉంది.

సరుకు దింపి, ధర తర్వాత తెంపడం, అంటే ఖాయం చేసి అమ్మడం, అప్పటి పద్ధతి. ఏ రోజు తెంపమంటే ఆ రోజు ధరే రైతుకు దక్కుతుంది. ఆమె జొన్నరొట్టెల మూట నా ముందు పెట్టి, అరటిపండు ఒలిచినట్టు చెప్పింది.

"ఏమప్పా, ఉగాది దాటేదాకా నాకు దుడ్లతో పని ల్యా. ధర ఎక్కనీ, దిగనీ, నా బుడ్డలు ఈడ్నే ఉండనీ. బండ పేల్చేటోళ్ళు వచ్చినపొద్దు నేనే వచ్చి తెంపమని చెప్తా. అంతదాకా ముట్టుకోవద్దు."

"ఒకవేళ అవసరం పడితే అక్కా?"

"అవసరం నాది గదప్పా. పడితే నేను రానా?"

నేను రొట్టె తింటూ తల ఊపాను. ఆమె బండ్లో కూర్చున్నాక కూడా వెనక్కి తిరిగి, "ముట్టుకోవద్దు" అని మళ్ళీ అంది.

తర్వాత ధర నిలబడింది. నిలబడి, దిగడం మొదలుపెట్టింది. మొదట టీ హోటలాయన "ఊపిరి పీల్చుకుంటాండాదిలే, మళ్ళీ ఎక్కుతాది" అన్నాడు. అందరం ఆ మాట పట్టుకున్నాం. ఇంకా దిగింది. ఎక్కేటప్పుడు దారినపోతూ కూడా ఆగి ధర అడిగినవాళ్ళు, ఇప్పుడు మా మండీ ముందు తల పక్కకు తిప్పుకొని నడిచేవాళ్ళు. మంగలి ఏమీ అడక్కుండా రెండు చెంపలూ గీసేసి పంపాడు. అది మాత్రం నాకు నిజంగా భయం పుట్టించింది. ఇంట్లో అన్నం సయించేది కాదు. మా ఆవిడ బోసి కాళ్ళు కనపడకుండా ఎటో చూస్తూ తినేవాణ్ణి.

అప్పుడు వచ్చింది ఆ రోజు. మా యజమాని కుటుంబంతో మంత్రాలయం వెళ్ళాడు, మండీ నాకు అప్పగించాడు. ముందు సాయంత్రం గాలివానకు దారిలో టెలిగ్రాం తంతి స్తంభాలు కూలిపోయాయి. రోజూ పొద్దున్నే వచ్చే బొంబాయి ధర రాలేదు. ధర బాగాలేదని తెలిస్తే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. ధరే తెలియకపోతే ఊరుకోలేడు. మార్కెట్టులో జనం ఉన్నారు, బేరం లేదు. తువ్వాళ్ళన్నీ భుజాల మీదే ఉన్నాయి.

టీ హోటలు దగ్గర ఒక రైతు అన్నాడు: "బొంబాయిలో మార్కెట్టే మూసేసినారంట."

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటాండారు."

ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. గోడ వార నా బస్తాలు కనపడుతున్నాయి. వాటిని అమ్మేయాలి. కానీ యజమాని లేని రోజున బావమరిది సరుకుకు బేరం పెడితే, ఆ బావమరిది ఎవరో ఆదోని అంతటికీ తెలిసిపోతుంది. చూస్తూ చూస్తూ నా కళ్ళు పక్క వరసకు పోయాయి. అవి అక్క బస్తాలు. పాపం, బావి సగంలో ఉంది, ధర ఇంకా పడితే ఆమె గతేమిటి అనిపించింది. ఆమెను కాపాడాలనిపించింది. ఒట్టు, నిజంగా అలాగే అనిపించింది. నా భయం, తనకు నా సరుకు అందక, చేతికందిన ఆమె సరుకు మీద పడుతోందని నాకు తెలియనే తెలియదు. దయ అనుకొని లేచాను. తలచుకుంటే ఇప్పటికీ అన్నిటికన్నా ఎక్కువ సిగ్గనిపించేది ఆ దయే.

సాయిబు తన చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"ఎవరి సరుకు?" అన్నాడు.

"పడమటి పల్లె అక్కది."

"ఆయమ్మ వచ్చిందా?"

నేను వినపడనట్టు తువ్వాలు పరిచాను. సాయిబు మామూలు ప్రకారం మొదటి ధర వేశాడు. మొదటి ధర ఎప్పుడూ నవ్వు పుట్టించేంత తక్కువగా ఉంటుంది. దాన్ని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకుంటారని వేసేవాడూ అనుకోడు. అక్కడి నుంచి నేను వేలు వేలుగా పైకి లాగాలి. ఎన్నోసార్లు లాగాను కూడా. ఆ రోజు వేళ్ళు కదలలేదు.

సాయిబు వక్క నమలడం ఆపాడు. గొంతు తగ్గించి, "చెయ్యి సల్లగుండాది. తడిసిపోతాండాది గూడా. ఏమైందప్పా?" అన్నాడు.

"ఏం కాలేదు."

"పోయి నీళ్ళు తాగి రా. ఈపొద్దు నీతో బేరం వద్దు నాకు."

ఎంత తగ్గించి చెప్పినా పక్కన నిలబడ్డ హమాలీ విన్నాడు. "నీళ్ళంట" అని కిసుక్కున నవ్వాడు. ఇంకెవరో కూడా నవ్వారు.

నేను దశాబ్దాలుగా ఈ క్షణం దగ్గరకు తిరిగి తిరిగి వస్తున్నాను. కొనేవాడే అమ్మొద్దన్నాడు. లేచి, నీళ్ళు తాగి, ఆ వంకతో ఇంటికి పోయి ఉంటే అక్క బస్తాలు గోడ వారే ఉండేవి. ఒట్టి భయమే అయితే అలాగే పోయేవాణ్ణి. నేను భయపడ్డానని నలుగురికీ తెలిసిపోవడం నాకు మింగుడుపడలేదు. ధైర్యవంతుడిలా కనపడాలి, అదీ వెంటనే. సాయిబు వేసిన వేళ్ళనే, ఆయన వేసినన్నే, గట్టిగా పట్టుకున్నాను.

"ఇదే. తెంపు."

సాయిబు నా ముఖంలోకి చూశాడు. "ఖరారేనా?"

"ఖరారు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తువ్వాలు ఆయన చేతితోపాటే జారి చాప మీద పడింది. నా చెయ్యి మాత్రం గాల్లోనే ఉండిపోయింది. జ్వరం వచ్చినవాడి చెయ్యిలా వణుకుతోంది. దాన్ని దించడానికి కూడా నాకు వెంటనే చేతకాలేదు. చుట్టూ ఉన్న ప్రతి కన్నూ దాన్ని చూసింది.

"మండీ మనిషే వణుకుతాండాడు. వానికేందో తెల్సినట్టుండాది" అని ఒకరన్నారు. అంతే. అప్పటిదాకా మెదలకుండా ఉన్న మార్కెట్టు ఒక్కసారిగా లేచింది. తువ్వాళ్ళు పరిచే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. "నావి తీసుకో, నావి తీసుకో" అని నోటితోనే అరిచారు. టీ హోటలాయన పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. బడిపంతులు బడి వదిలేసి వచ్చాడు. నాకు ఏదో తెలుసని వాళ్ళు అమ్ముతున్నారు. వాళ్ళు అమ్మడం చూసి, నేను భయపడింది నిజమేనన్నమాట అని నేను ధైర్యం తెచ్చుకున్నాను. కొన్నది సాయిబులాంటి వాళ్ళే. కొనడం ఆయన పని, ఆయన్ను అనడానికేమీ లేదు.

పొద్దు వాలకముందే తంతి బాగుపడింది. బొంబాయి ధర ముందురోజు ఎక్కడుందో అక్కడే ఉంది. మార్కెట్టు మూయలేదు, ఏమీ కాలేదు.

ముందుగా టీ హోటలాయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు, అందులో ఏడుపెంతో నాకు తెలియదు. ఆ సాయంత్రం నాకు చెమట గుమాస్తా అని పేరు పెట్టారు. నేను ఆ మార్కెట్టు వదిలేదాకా అదే నా పేరు. కొత్తగా వచ్చిన వ్యాపారులు అదే నా ఇంటిపేరనుకొని మర్యాదగా పిలిచేవాళ్ళు.

యజమాని మంత్రాలయం నుంచి వచ్చి, నా చేతిలో ప్రసాదం పెట్టి, సంగతి విన్నాడు. "ఆయమ్మ ముట్టుకోవద్దనింది గదా?" అన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "సరేలే, మన కమీషను మనకొచ్చింది" అని లోపలికి పోయాడు.

ఉగాది నాటికి ధర మళ్ళీ ఎక్కింది. యుద్ధం నాటి ధర కాదు గానీ, నేను తెంపినదాని కన్నా బాగా ఎక్కువే. నేను ముట్టుకోలేకపోయిన నా బస్తాలు అలా వాటంతటవే బాగుపడ్డాయి. అమ్మి మా ఆవిడకు కడియాలు చేయించాను. ఆవిడ సంతోషంగా కాళ్ళకు పెట్టుకుంది. ఇంట్లో ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నేను బయటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి.

అక్క వచ్చింది. బండ పేల్చేవాళ్ళు వచ్చేశారట. రొట్టెల మూట నా ముందు పెట్టి, "తెంపప్పా ఇంక" అంది.

చెప్పాను. ధర పడుతోందనీ, తంతి రాలేదనీ, అందరూ అమ్మారనీ, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది.

"సాయిబు వచ్చి అడిగినాడా?"

"లేదక్కా. నేనే పోయినా."

"నేను గాని చెప్పంపితినా?"

"లేదు. మీ మంచికేనని..."

ఆమెకు కోపం రాలేదు. అదే నాకు తట్టుకోలేనిది అయింది. నిజంగా అర్థంకాక అడుగుతున్నట్టు నా ముఖంలోకి చూసి అడిగింది.

"నేను భయపడలేదు గదప్పా. నా బుడ్డలకు నువ్వు ఏంటికి భయపడితివి?"

ఆమె రొట్టెల మూట మాత్రం వెనక్కి తీసుకోలేదు. వదిలేసి వెళ్ళిపోయింది. ఆ రొట్టెలు నేను తినలేదు, పారేయనూ లేదు. హమాలీలకు ఇచ్చాను.

వచ్చిన డబ్బుకు బండ సగమే పేలింది. ఆ ఏడు బావి అలాగే నోరు తెరుచుకొని ఉండిపోయిందని ఆ వైపు నుంచి వచ్చే రైతులు చెప్పారు. వానలూ సరిగా పడలేదు. పంట పావువంతు కూడా చేతికి రాలేదట. ప్రతి మబ్బు వైపూ నేను ఆమె తరఫున చూసేవాణ్ణి. ఆ చూపుకు ఆమెకు ఒరిగిందేమీ లేదు.

ఆ పైఏడు కాస్త పండింది. ఆమె వేరే మండీకి పోతుందనుకున్నాను, పోతే బాగుండునని కూడా అనుకున్నాను. మా మండీకే వచ్చింది. నన్ను దాటుకొని నేరుగా సాయిబు చాప ముందుకు పోయి కూర్చుంది. మా మార్కెట్టులో ఆడమనిషి అలా కూర్చోవడం ఎవరూ చూడలేదు. సాయిబు కంగారుపడి, తువ్వాలు పట్టడానికి నన్ను పిలవబోయాడు.

"వద్దు సాయిబూ. చెయ్యీ వద్దు, తువ్వాలూ వద్దు. ఎంతకు తీసుకుంటావో నోటితో చెప్పు. అందరూ విననీ."

"నోటితో చెప్పేది ఆనవాయితీ కాదమ్మా."

"ఆనవాయితీ పోయినేడు చూసినా గదా" అంది.

సాయిబు నా వైపు చూసి, తల దించుకొని, ధర పైకి చెప్పాడు. ఆమె ఇంకో ధర పైకి చెప్పింది. మార్కెట్టంతా వింటుండగా మెల్లగా, తొందర లేకుండా బేరం సాగింది. నచ్చినంతకు రాలేదని ఒకసారి లేచి బండి దాకా నడిచింది కూడా. సాయిబే వెనక్కి పిలిచాడు. నేను మా మండీ మెట్టు మీద నిలబడి చూశాను. నాకు పనేమీ లేదు.

ఆ వేసవిలో మిగిలిన బండ పేలింది. నీళ్ళు పడ్డాయి. అందరినీ రమ్మని కబురు చేసింది, నన్ను కూడా. సాయిబు వెళ్ళాడు, యజమాని వెళ్ళాడు. నేను జ్వరమని చెప్పి మండీలోనే కూర్చున్నాను. ముఖం చెల్లలేదు.

ఆ బ్యాంకు ఉద్యోగి మళ్ళీ కనపడితే అమ్మమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఆ డబ్బు నీకు ఎప్పుడు కావాలి నాయనా, ఇప్పుడు భయపడుతున్నది నువ్వా, నీ పక్కవాడా అని మాత్రం అడుగుతాను. అంతకు మించి నాకు తెలియదు. నా మాట విని ఎవరైనా బాగుపడ్డట్టు నేను చూడలేదు.

అక్క బావిలో నీళ్ళు పడ్డ కొన్నాళ్ళకు ఆమె బండి మళ్ళీ మార్కెట్టుకు వచ్చింది. బండిలో సరుకు లేదు, పెద్ద కడవ ఉంది. బావికి రాలేకపోయినవాళ్ళ కోసం నీళ్ళు తెచ్చిందట. రాలేకపోయింది నేనొక్కణ్ణే. హమాలీలు, టీ హోటలాయన, బడిపంతులు, అందరూ మళ్ళీ తాగడానికి చేరారు. సాయిబు నా రెక్క పట్టుకొని లాక్కొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు.

"జ్వరం తగ్గిందా అప్పా?" అంది.

తల ఊపాను. వంగి దోసిలి పట్టాను. ఆమె చెంబుతో పోసింది. నా చేతులు వణికాయి. నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారి నా కాళ్ళ మీద పడ్డాయి. ఆమె చెంబు మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసింది.

"మెల్లగా తాగప్పా. శానా ఉండాయి నీళ్ళు."

చుట్టూ అందరూ నా చేతులనే చూస్తున్నారు. కప్పుకోవడానికి తువ్వాలు భుజం మీదే ఉంది. చేతులే ఖాళీ లేవు.